దున్నకుండా వేసిన మొక్కజొన్నలో కలుపు: అట్రజిన్ ఎందుకు పట్టలేదు, ఇప్పుడేం చేయాలి

బాబూ, మీరు రాసింది నేను అర్థం చేసుకున్నది ఇదీ. విజయనగరం జిల్లా గుర్ల దగ్గర రెండెకరాల పల్లపు మడి. స్వర్ణ వరి మిషనుతో కోయించి, దున్నకుండా కర్రతో గుంతలు చేసి మొక్కజొన్న పెట్టారు. విత్తిన ఎనిమిదో రోజున బోరుతో తడి పెట్టి, ఎకరాకు ఐదు ట్యాంకుల నీళ్ళతో అట్రజిన్ అనే కలుపు మందు కొట్టారు. ఇప్పుడు పైరుకి ఇరవై రోజులు. చేను నిండా ఊద, చిలకతోటకూర, తుంగ. వరి దుబ్బులు కూడా పిలకలు వేశాయి. మందుల షాపులో 'అట్రజినే రెట్టింపు మోతాదులో మళ్ళీ కొట్టు' అన్నారు. పక్క మడిలో మరొకరి మినుము ఉంది. మే నెలలో వాన పడితే అదే చేలో నువ్వులు చల్లాలని మీ ఆలోచన.

ముందుగా ఒక్క మాట. అట్రజిన్ మళ్ళీ కొట్టకండి. రెట్టింపు కాదు, సగం కూడా వద్దు. మందులో బలం లేక కాదు, మీ చేలో దాని పని అయ్యే సమయం దాటిపోయింది. ఇప్పుడు మళ్ళీ కొడితే ఊద చావదు, తుంగకి చీమ కుట్టినట్టైనా ఉండదు. నేలలో మిగిలిన మందు మాత్రం మే నెల నువ్వుల మీద పడుతుంది.

అట్రజిన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతాదంతా మీకే తేలిగ్గా అర్థమవుతుంది. అది నేల పైపొరలో పల్చగా పరుచుకుని ఉంటుంది. కలుపు గింజ పగిలి వేరు దిగేటప్పుడు ఆ మందు నీటితో పాటు వేరులోకి వెళ్ళి, ఆకులోకి చేరి, ఎండలో ఆకు ఆహారం తయారు చేసుకునే పనిని ఆపేస్తుంది. మొక్కజొన్న కూడా ఆ మందును పీల్చుకుంటుంది కానీ, తన ఒంట్లోనే దాన్ని విరిచేసుకునే శక్తి ఆ పైరుకి ఉంది. అందుకే అది బతుకుతుంది. ఊద లాంటి గడ్డిజాతులకు కూడా వయసు వచ్చేకొద్దీ ఆ శక్తి కొంత వస్తుంది. రెండు మూడు ఆకులు దాటిన ఊదను అట్రజిన్ ఒక్కటే పట్టడం కష్టం. మీరు ఎనిమిదో రోజున కొట్టారు. వరి కోత నాటికే మడిలో పదును, అంటే మొలకకు సరిపడా తడి, ఉంది కాబట్టి, మీ మొక్కజొన్న కంటే ముందే ఊద మొలిచి ఉంటుంది. ఆ మందు కొట్టాల్సింది విత్తిన రోజున గానీ, ఆలస్యమైతే మూడో రోజు లోపల గానీ.

రెండో కారణం నీళ్ళు. ఎకరాకు రెండు వందల లీటర్ల నీరు కావాలి. మీ పదహారు లీటర్ల ట్యాంకుతో అది పన్నెండున్నర ట్యాంకులు. ఐదు ట్యాంకులంటే ఎనభై లీటర్లు. ఆ నీటితో ఎకరం పూర్తి చేయాలంటే మనిషి పరుగెత్తాలి, లేదా నాజిల్ అటూ ఇటూ ఊపాలి. అప్పుడు మందు చారలు చారలుగా పడుతుంది. మీ చేలో ఇప్పుడు కొన్ని బారల మేర కలుపు తక్కువగా, పక్కనే దట్టంగా కనిపిస్తుంటే కారణం అదే. గట్టు మీద నిలబడి చూడండి, మీరు నడిచిన దారి తెలిసిపోతుంది.

మూడోది, మిషను వదిలిన గడ్డి. మిషను కోసిన చోట గడ్డి వరసలుగా పడి ఉంటుంది. దాన్ని సరిగ్గా పరవకుండా, తీయకుండా పైనుంచి కొడితే మందు గడ్డికే అంటుకుంటుంది, నేలకు చేరదు. రణస్థలం, లావేరు, చీపురుపల్లి ప్రాంతాల్లో దున్నని మొక్కజొన్న చేలు ఎన్నో చూశాను. కలుపు దట్టంగా ఉన్న పట్టీలు చాలా చోట్ల సరిగ్గా ఆ గడ్డి వరసల కిందే ఉంటాయి.

తుంగ సంగతి వేరు. అది గింజ నుంచి కాదు, నేలలో ఉన్న గడ్డ నుంచి వస్తుంది. గడ్డలో నిల్వ ఆహారం ఉంది కాబట్టి పైపొరలోని అట్రజిన్ దాన్ని ఆపలేదు. మీరు సరైన రోజున, సరైన నీటితో కొట్టి ఉన్నా తుంగ వచ్చేదే. ఆ విషయంలో మనసు కష్టపెట్టుకోకండి.

ఇక ఇప్పుడు చేయాల్సింది. మొక్కజొన్నకు మొదటి నెల నుంచి నెలన్నర వరకే కలుపు బెడద ప్రాణం మీదికి వస్తుంది. వరసల మధ్య అరవై సెంటీమీటర్ల ఖాళీ, పైరు మొదట్లో నెమ్మదిగా ఎదుగుతుంది, ఆ ఖాళీ అంతా కలుపుదే. నడుమెత్తు దాటి ఆకులు కలిశాక నీడ పడి కొత్త కలుపు లేవదు. మీ పైరుకి ఇరవై రోజులు, అంటే ఇంకా చేయి దాటలేదు. కానీ వారం ఆగితే దాటుతుంది.

ఊద, చిలకతోటకూర, గలిజేరు లాంటి వాటికి టెంబోట్రయోన్ 34.4 శాతం ద్రావణం ఎకరాకు 115 మిల్లీలీటర్లు. మీ రెండెకరాలకు 230. ట్యాంకుకి తొమ్మిది మిల్లీలీటర్లు చొప్పున వేసుకోవచ్చు. డబ్బాతో పాటు ఇచ్చే జిగురు తప్పకుండా కలపాలి, అది లేకపోతే గడ్డి ఆకు మీద మందు నిలవదు. మీ ఊళ్ళో అది దొరక్కపోతే టోప్రమెజోన్ 33.6 శాతం ఎకరాకు 30 మిల్లీలీటర్లు, దానికీ జిగురు ఉంటుంది. రెండిట్లో ఏదో ఒకటి చాలు. రెండూ ఒకే తరహాలో పనిచేస్తాయి. కలుపు మూడు నాలుగు ఆకుల మీద ఉండగా కొట్టాలి. మీ ఊద ఇప్పుడు ఏ దశలో ఉందో రాయలేదు. చేలోకి వెళ్ళి నాలుగైదు చోట్ల ఒక్కో మొక్క పీకి ఆకులు లెక్కపెట్టండి. చాలావరకు నాలుగు ఆకుల్లో ఉంటే రేపో ఎల్లుండో కొట్టండి. పిలకలు వేసి గుబురు కట్టిన ఊదయితే మందు దాన్ని కొంత గిడసబారేలా చేస్తుందే తప్ప చంపదు. అలాంటి గుబుర్లను మనుషులతో తీయించడమే మేలు.

కొట్టే ముందు నేలలో పదును ఉండాలి. ఎండి ముడుచుకున్న కలుపు మందును పీల్చుకోదు. నేల పగుళ్ళు వస్తుంటే ముందు ఒక తడి ఇచ్చి, కాలు దిగబడని పదునుకి వచ్చాక కొట్టండి. జనవరిలో మనవైపు మంచు పొద్దున్న చాలాసేపు ఉంటుంది. ఆకు మీద మంచు బొట్లు ఉండగా కొడితే మందు ఆ నీటితో కలిసి జారిపోతుంది. మంచు ఆరాక మొదలుపెట్టి, గాలి లేచే లోపల ముగించండి.

తర్వాత ఏం కనిపిస్తుందో ముందే చెబుతాను, లేకపోతే కంగారుపడి మళ్ళీ షాపుకి పరుగెడతారు. మొదటి రెండు మూడు రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత ఊద మధ్యలోంచి వచ్చే లేత ఆకు మొదట లేతపసుపు రంగుకి మారి, తర్వాత కాగితంలా తెల్లబడుతుంది. పాత ఆకులు ఆకుపచ్చగానే ఉంటాయి, కొత్తది మాత్రం తెలుపు. తోటకూరలో అయితే చివరి చిగురు తెల్లబడి, అంచులు గులాబీ రంగు తిరుగుతాయి. ఆకులో పచ్చదనాన్ని ఎండ నుంచి కాపాడే పదార్థం తయారుకాకుండా ఈ మందు ఆపుతుంది, దాంతో ఎండే ఆ పచ్చదనాన్ని తినేస్తుంది. పూర్తిగా ఎండడానికి పది పన్నెండు రోజులు పట్టొచ్చు. కొన్ని హైబ్రిడ్లలో మొక్కజొన్న ఆకు మీద కూడా సన్నటి తెల్లచారలు కనిపిస్తాయి. తర్వాతి ఆకులు మామూలుగా వస్తాయి, భయపడక్కర్లేదు. కలుపు తెల్లబడటం చూశాకే యూరియా వేయండి. ముందే వేస్తే సగం ఊదకే పెట్టినట్టు.

తుంగకు వేరే మందు. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళికలు, ఎకరాకు 36 గ్రాములు, అంటే ట్యాంకుకి మూడు గ్రాముల లోపు. ఇది తుంగ ఆకు నుంచి కిందికి దిగి గడ్డ దాకా వెళ్ళే మందు. అందుకే కొట్టే ముందు తుంగను పీకించకండి, కోయించకండి. మూడు నాలుగు ఆకులు విచ్చుకుని ఉంటేనే మందు లోపలికి పోతుంది. ఇది చాలా నెమ్మది. తుంగ పసుపు తిరగడానికే వారం పైన పడుతుంది, ఎండడానికి మూడు వారాలు కూడా కావొచ్చు. టెంబోట్రయోన్‌తో కలిపి ఒకే ట్యాంకులో పోయకండి. ముందు ఊదకు కొట్టి, తుంగ ఎక్కడెక్కడ గుంపులుగా ఉందో గుర్తుపెట్టుకుని, కొన్ని రోజుల తర్వాత ఆ గుంపుల మీద మాత్రమే దీన్ని కొట్టండి. చేనంతా తుంగే ఉంటే తప్ప చేనంతా కొట్టడం డబ్బు దండగ.

వరి దుబ్బులకు మాత్రం ఈ దశలో నేను ఏ మందూ చెప్పను. తగిలిన పచ్చటి ఆకునల్లా మాడ్చే పారాక్వాట్‌ను వరసల మధ్య కొట్టేవాళ్ళున్నారు, నాజిల్‌కి టోపీ పెట్టి. ఇరవై రోజుల పైరులో చెయ్యి కాస్త వణికినా మొక్కజొన్న ఆకులు మాడిపోతాయి. దుబ్బు దుబ్బుకీ కొడవలితో నేల మట్టానికి కోయించండి. మళ్ళీ పిలక వేసే లోపల మొక్కజొన్న పైకి వచ్చేస్తుంది. కూలీలు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ రెండెకరాల్లో దుబ్బులు మాత్రమే కోయడం, కలుపంతా తీయడమంత పని కాదు.

మీరు అడగలేదు కానీ షాపులో ఎవరో ఒకరు 2,4-డి అనే కలుపు మందు చవక అని అంటగట్టొచ్చు. వెడల్పాకు కలుపు మీద అది బాగా పనిచేసే మాట నిజమే. కానీ పక్కన మినుము ఉన్నప్పుడు దాని జోలికి వెళ్ళకండి. గాలికి కొట్టుకుపోయిన కొద్దిపాటి తుంపరకే మినుము ఆకులు మెలికలు తిరిగిపోతాయి. గట్టు అవతలి మనిషితో పంట నష్టం తగువు పెట్టుకున్నాక ఏ దిగుబడీ ఆ సంబంధాన్ని తిరిగి తేదు. పైగా ఆ మందు కొట్టిన కొద్ది రోజుల పాటు మొక్కజొన్న కాండం పెళుసుగా ఉండి, ఈదురుగాలికి విరుగుతుంది.

కత్తెర పురుగు మందును కలుపు మందుతో కలిపి ఒకే దెబ్బలో పని కానిద్దామని కూడా అనిపిస్తుంది. 2018లో ఆ పురుగు మన దేశంలో అడుగుపెట్టాక మొక్కజొన్న రైతుకి మందుల ఖర్చు పెరిగింది, కూలి కలిసొస్తుందని కలపాలనిపించడం సహజం. కానీ పురుగు మందు పడాల్సింది మొక్క సుడిలో, అంటే లేత ఆకులు విచ్చుకునే నడి గొట్టంలో, కలుపు మందు పడాల్సింది నేల మీది కలుపు మీద. రెండూ ఒకేసారి కొడితే రెండూ తప్పు చోట పడతాయి. కలుపు మందు సుడిలో నిలిస్తే పైరుకే చేటు. కలుపు మందు కొట్టిన స్ప్రేయరును సబ్బునీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి గానీ పురుగు మందుకి వాడకండి. వీలైతే కలుపు మందుకి విడిగా ఒకటి పెట్టుకోండి. నాజిల్ కూడా వేరే ఉండాలి. గుండ్రంగా పొగలా వచ్చే నాజిల్ పురుగు మందుకి, విసనకర్రలా పరుచుకుని వచ్చేది కలుపు మందుకి.

వచ్చే ఏడాదికి ఇప్పటి నుంచే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

వరి కోతప్పుడు మిషను డ్రైవరుతో వీలైనంత కిందికి కోయించండి. పొడవాటి మోళ్ళు వదిలితే పిలకలు ఎక్కువ. గడ్డిని పశువులకు తీసుకుపోండి, లేదా చేనంతా సమంగా పరచండి. విత్తిన రోజున గానీ మర్నాడు గానీ, మొలక పైకి రాకముందే, పదునున్న నేల మీద అట్రజిన్ 50 శాతం పొడి కొట్టాలి. తేలిక నేలకు ఎకరాకు 800 గ్రాములు, మీలాంటి పల్లపు బంక నేలకు కిలో నుంచి కిలోంబావు లోపల. ఇంతకు మించి వద్దు.

ఆ పొడిని నేరుగా ట్యాంకులో పోయకండి. బకెట్‌లో కొద్ది నీళ్ళు పోసి, పొడి కొంచెం కొంచెంగా వేస్తూ కర్రతో కలిపితే దోసెల పిండిలా చిక్కగా వస్తుంది. దాన్ని పల్చన చేసి, గుడ్డతో వడగట్టి ట్యాంకులో పోయాలి. పొడి మందు నీటిలో కరగదు, తేలుతూ ఉంటుంది. కాసేపు ఆగితే అడుక్కి దిగుతుంది. ట్యాంకు మొదట్లో నీళ్ళు, చివర్లో మందు పడకుండా ఉండాలంటే మధ్యమధ్య కదుపుతూ ఉండాలి. వెనక్కి నడుస్తూ కొట్టండి, మందు పడిన నేలను మళ్ళీ తొక్కకుండా. ముందురోజు వట్టి నీళ్ళతో పది సెంట్లలో కొట్టి చూడండి. ఎకరానికి పదో వంతు కాబట్టి ఇరవై లీటర్లు పట్టాలి. తక్కువ పడితే నడక నెమ్మది చేయండి. ఈ ఒక్క పని చేసే రైతు, మోతాదు గురించి ఎవరినీ అడగక్కర్లేదు.

మొలిచిన దుబ్బులు, ఊద విత్తే సమయానికే ఉంటే అట్రజిన్‌తో పాటు పారాక్వాట్ ఎకరాకు లీటరు కలిపి విత్తిన నలభై ఎనిమిది గంటల్లోపు కొట్టడం దున్నని మొక్కజొన్నలో చెప్పే పద్ధతి. మొలక బయటికి వచ్చాక కొడితే పైరు కూడా పోతుంది. దీనికి తేట నీళ్ళే వాడాలి. గెడ్డలోంచో కాలవలోంచో తెచ్చిన మట్టి నీళ్ళు కలిపితే ఆ మట్టే మందును పట్టేసుకుంటుంది, ఆకును చేరేసరికి బలం ఉండదు.

పారాక్వాట్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. దానికి విరుగుడు లేదు. ఒక గుక్క లోపలికి పోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని మనిషి దక్కడం కష్టం. కేరళలో 2011లోనే దాన్ని నిషేధించారు. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. దయచేసి అలా చేయకండి. కావలసినంతే కొని, ఆ రోజే వాడేసి, ఖాళీ డబ్బాకు కన్నాలు చేసి పాతిపెట్టండి. పిల్లలున్న ఇంట్లో తాళం లేని చోట పెట్టేటట్టయితే అసలు కొననే వద్దు. ఆ ఏడాదికి దున్నుకుని విత్తండి.

అసలు మీ మడికి వచ్చే ఏడాది దున్నడమే మంచిదని నా అభిప్రాయం. దున్నకుండా వేస్తే ఖర్చు తగ్గుతుంది, పదును పోకముందే విత్తనం పడుతుంది, అందుకే మన జిల్లాల్లో అంత త్వరగా పాకింది. కానీ తుంగ, గరిక లాంటి మొండి జాతులు ఏటేటా పెరుగుతాయి, నేల కదలదు కాబట్టి. మీరు రాసినదాన్ని బట్టి తుంగ ఇప్పటికే బాగా పట్టింది. ఏప్రిల్‌లో మొక్కజొన్న విరిచాక లోతుగా దున్నించి, ఎండలు ముదిరిన మే నెలలో ఇంకోసారి దున్నితే గడ్డలు పైకి వచ్చి ఎండిపోతాయి. తర్వాత తొలకరికి పచ్చిరొట్టగా జీలుగు గానీ పిల్లిపెసర గానీ చల్లి దమ్ములో కలియదున్నితే ఆ పైరు నీడకి తుంగ మరికొంత తగ్గుతుంది. అప్పుడు ఆ ఒక్క ఏడాదికి నువ్వులు వదులుకోవాలి. నువ్వులు వదులుకోలేను అంటే ముందు చేను సాక్ష్యం తీసుకోండి. చేలో నాలుగు మూలల్లోంచి, మధ్యలోంచి పైమట్టి తెచ్చి రెండు కుండీల్లో పోయండి. మందు పడని గట్టు మట్టి ఇంకో కుండీలో పోయండి. అన్నిటిలో నువ్వులు చల్లి రెండు వారాలు చూడండి. గట్టు మట్టిలో బాగుండి, చేను మట్టిలో మొలిచిన ఆకుల అంచులు పసుపెక్కి మాడుతుంటే అట్రజిన్ ఇంకా ఉన్నట్టే.

ఏటా వరి, మొక్కజొన్న, అట్రజిన్, మళ్ళీ వరి, మొక్కజొన్న, అట్రజిన్. ఈ చక్రం నన్ను కొంత భయపెడుతోంది. పంజాబ్, హర్యానాల్లో నీటి వసతి ఉన్న గోధుమ చేలలో గుల్లీదండా అనే గడ్డి ఉంది, చిన్నప్పుడు గోధుమ మొక్కలాగే కనిపిస్తుంది. వరి తర్వాత గోధుమ, ఏళ్ళ తరబడి ఐసోప్రొట్యురాన్ అనే ఒకే మందు. 1990ల మొదటికి ఆ మందుకి చావని గుల్లీదండా వచ్చేసింది. చావని మొక్కల గింజే నేలలో రాలి, చేలను నింపింది. కొత్త మందులు వచ్చాయి. కొన్నాళ్ళకి వాటిలో కొన్నిటికీ అదే గతి పట్టింది. అక్కడి రైతులు పైరును మధ్యలోనే కోసి పశువులకు వేసిన చేలు కూడా ఉన్నాయి. మన ఊద, తోటకూర విషయంలో ఆ రోజు రాకూడదంటే మూడేళ్ళకోసారైనా మొక్కజొన్న బదులు మినుమో పెసరో వేయాలి, మందు మారాలి, మిగిలిన నాలుగు మొక్కలు గింజ కట్టకముందే చేత్తో పీకాలి. మందు కొట్టాక అక్కడక్కడా పచ్చగా నిలబడ్డ ఊదను 'పోనీలే, నాలుగే కదా' అని వదిలేస్తారు. ఒక్క మొక్క వేల గింజలు రాల్చగలదు.

ఇంట్లో వాళ్ళకి కూడా ఒక మాట చెప్పండి. మొక్కజొన్న చేలో ఊద గడ్డి కోసుకొచ్చి ఆవుకి వేయడం మన ఆడవాళ్ళకి రోజూ ఉండే పనే. మందు కొట్టిన చేలో గడ్డి కోయొద్దని మీ ఇంట్లోనే కాదు, ఆ గట్టు మీద గడ్డికి వచ్చే వాళ్ళందరికీ చెప్పండి. చేను నాలుగు మూలలా కర్రలకు గుడ్డ ముక్కలు కట్టండి. కొట్టే మనిషి నిండు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ, కాళ్ళకు బూట్లు వేసుకోవాలి. మధ్యలో బీడీ కాల్చకూడదు.

పీకిన మొక్కల్లో పేరు తెలియనివి ఏవైనా ఉంటే వేరు, ఆకు, పువ్వు కనిపించేలా కాగితం మీద పరచి ఫోటో తీసి పెట్టండి. ఊదకీ వరి పిలకకీ తేడా తెలియకపోతే ఆకు కాండాన్ని కలిసే చోట చూడండి. వరికి అక్కడ పల్చటి తెల్లపొర నిలబడి ఉంటుంది, ఊదకి ఉండదు. అప్పటికీ అనుమానం ఉంటే మొక్కను వేరుతో సహా తడిగుడ్డలో చుట్టి రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రానికో, మీ ఊరి రైతు సేవా కేంద్రానికో తీసుకెళ్ళండి. మందు కొనడం ఆ తర్వాతే. కొన్నప్పుడు బిల్లు అడిగి తీసుకోండి, డబ్బా మీద మందు పేరు, శాతం, గడువు తేదీ నేను రాసినవాటితో సరిపోల్చుకోండి. కంపెనీ పేరు ఏదైనా ఫరవాలేదు, లోపలి మందు పేరూ శాతమూ ఒకటే అయి ఉండాలి.